మయామీలో కోటీశ్వరుల ఇళ్ల బోట్ టూర్: అమ్మానాన్నలను తీసుకెళ్లొచ్చా?

గోదారిగట్టు
అందరికీ నమస్కారం. అమ్మానాన్న రాజమండ్రి నుంచి వచ్చి రెండు నెలలైంది, మేముండేది షార్లెట్‌లో. డిసెంబర్ చివర్లో ఓర్లాండో, అక్కణ్నుంచి మయామీ వెళ్దామనుకుంటున్నాం. మయామీ డౌన్‌టౌన్‌లో బేసైడ్ మార్కెట్ దగ్గర గంటన్నర బోటు ఎక్కితే బిస్కేన్ బేలో ఉన్న దీవుల పక్క నుంచి తిప్పుతారట, ఆ దీవుల నిండా డబ్బున్నవాళ్ల బంగళాలేనట, 'మిలియనీర్స్ రో' అని పేరు. పెద్దవాళ్లం నలుగురం, పిల్లలు ఇద్దరు, టికెట్లకే నూట యాభై డాలర్లు దాటేలా ఉంది. పరాయివాళ్ల ఇళ్లు బయట నుంచి చూడ్డానికి అంత పెట్టాలా అని ఒక డౌటు.

అసలు సంగతి ఇంకోటుంది. 2019లో కచ్చులూరు దగ్గర పాపికొండల బోటు మునిగినప్పుడు మా అమ్మ ఆ నెలంతా టీవీ ముందే కూర్చుంది. అప్పట్నుంచి బోటు అంటే చాలు, వద్దంటుంది. నాన్నేమో ధవళేశ్వరం బ్యారేజీ హెడ్‌వర్క్స్‌లో చేసి రిటైరైన మనిషి, నీళ్లున్న ఊరికి తీసుకెళ్లి పడవ ఎక్కించకపోతే అలుగుతారు. వెళ్లొచ్చినవాళ్లు ఉంటే చెప్పండి.

టాంపా_తమ్ముడు
దండగ అన్నా. మేం పోయిన జులైలో వెళ్లాం. పైన డెక్ మీద నీడ లేదు, స్పీకర్లో పాటల హోరు, గైడు ఒకసారి ఇంగ్లిష్‌లో చెప్పి మళ్లీ అదే స్పానిష్‌లో చెప్తాడు, ఆయన రెండోసారి చెప్పి ముగించేలోపు ఇల్లు వెనక్కి వెళ్లిపోతుంది. ఇళ్లు కూడా సగం కొబ్బరిచెట్ల వెనకాల. ఆ డబ్బుతో కీ వెస్ట్‌లో ఇంకో రాత్రి ఉండొచ్చు.

డల్లాస్_అక్క
తమ్ముడూ, జులైలో మయామీలో మధ్యాహ్నం పూట టాప్ డెక్ మీద కూర్చుంటే తాజ్ మహల్ చూపించినా దండగ అనే అంటావు. వేసవంతా అక్కడ మధ్యాహ్నం కాగానే ఉరుములు, వాన. తుఫాన్ల సీజన్ జూన్ నుంచి నవంబర్ చివరిదాకా. డిసెంబర్‌లో గాలి చల్లగా, హాయిగా ఉంటుంది. మా అత్తగారూ మామగారూ వచ్చినప్పుడు జనవరిలో తీసుకెళ్లాం, వాళ్ల మొత్తం అమెరికా ట్రిప్పులో మామగారికి బాగా గుర్తున్నది అదే. నయాగరా తర్వాత అనుకో.

గోదారిగట్టు గారూ, అమ్మ భయం సంగతి. అది నది కాదు, వరద ఉండదు, సుడిగుండాలు ఉండవు. బిస్కేన్ బే చాలా చోట్ల లోతు తక్కువ. ఓడలు వెళ్లే కాలువ లాంటి చోట్లే బాగా లోతు. టూరిస్టు బోట్లను కోస్ట్ గార్డ్ తనిఖీ చేస్తుంది, ఎంతమందిని ఎక్కించొచ్చో రాసిన సర్టిఫికెట్ బోటులోనే కనపడేలా పెట్టాలి. లైఫ్ జాకెట్లు అందరికీ సరిపడా ఉంటాయి గానీ వేసుకోమని ఎవరూ అడగరు. మీ అమ్మగారికి ముందే చెప్పండి, లేకపోతే అక్కడ ఎవరూ వేసుకోలేదని టెన్షన్ పడతారు. ఎక్కగానే జాకెట్లు ఎక్కడున్నాయో చూపించమని అడగండి, చూపిస్తారు. మా అత్తగారికైతే అది చూశాక గాని ప్రాణం కుదుటపడలేదు.

బావగారు_అట్లాంటా
గైడు మాటలు ఎంతవరకు నమ్మాలో నా అనుభవం చెప్తా. స్టార్ ఐలాండ్ పక్కకి రాగానే గైడు ఒక పెద్ద ఇల్లు చూపించి, ఇది వయాగ్రా కనిపెట్టినాయన ఇల్లు అన్నాడు. బోటంతా గొల్లున నవ్వింది. మా అత్తగారు పక్కనే. "ఏమన్నాడు అల్లుడుగారూ, అందరూ నవ్వుతున్నారు?" అని అడిగింది. మా ఆవిడ అటు తిరిగి సముద్రం చూస్తోంది, సాయానికి రాలేదు. ఏం చెప్పాలో తోచక "ఏదో గుండెకి సంబంధించిన మందు కనిపెట్టినాయన ఇల్లంట అత్తయ్యా" అన్నాను. ఆవిడ చాలా సీరియస్‌గా "అయితే పేరు రాసుకోండి, మీ మామగారికి పనికొస్తుందేమో" అంది.

మందులషాపు
బావగారూ 😂😂 మీరు అబద్ధమేమీ చెప్పలేదు. ఫైజర్ వాళ్లు ఆ మందును మొదట గుండెనొప్పి కోసమే పరీక్షించారు, మిగతాది తర్వాత తెలిసింది. అబద్ధం చెప్పింది గైడే. ఆ ఇల్లు వేరే ఫార్మా వ్యాపారిది, ఆయనకీ ఆ మాత్రకీ సంబంధం లేదు. ఏళ్ల తరబడి బోట్ల మీద ఇదే కథ చెప్తున్నారు, జనం నవ్వుతారు కాబట్టి వదలరు.

పాలమూరు_పోరడు
ఇళ్ల పేర్లు సగం పాతవే. బాస్కెట్‌బాల్ షకీల్ ఓనీల్ స్టార్ ఐలాండ్‌లో ఇల్లు అమ్మేసి పదిహేనేళ్లు దాటింది, మా గైడు ఇంకా 'షాక్ ఇల్లు' అనే చెప్పిండు. సింగర్ గ్లోరియా ఎస్తెఫాన్‌కు మాత్రం అక్కడ నిజంగనే ఇల్లుండె. నేను రూమ్‌కి వచ్చినాక మయామీ-డేడ్ కౌంటీ ప్రాపర్టీ అప్రైజర్ సైట్ తెరిచి చూసిన, అడ్రస్ కొడితే ఓనరు, కొన్న రేటు, ట్యాక్స్ అన్నీ వస్తయ్, మన తెలంగాణల భూముల రికార్డులకు ధరణి సైట్ ఉండె కదా, దానికన్నా తేలిక. కానీ చాలా ఇళ్లకు ఓనరు పేరు చోట ఏదో ఎల్ఎల్‌సీ కంపెనీ, లేదంటే ట్రస్టు. గైడుకి మాత్రం ఎట్ల తెలుస్తది?

ఇంకోటి, గ్యాంగ్‌స్టర్ ఆల్ కపోన్ ఇల్లు. పామ్ ఐలాండ్ మీద ఉండేది, 1928ల కొన్నడు, 1947 జనవరిలో ఆ ఇంట్లనే చచ్చిపోయిండు. 2023ల కూలగొట్టేసిన్రు. నేను పోయింది ఆ తర్వాతనే, అయినా గైడు అటు చెయ్యి చూపి "అదిగో కపోన్ ఇల్లు" అన్నడు, నా పక్కనున్న పెద్దమనిషి ఫోటో కూడా తీసుకున్నడు. ఏం తీసుకున్నడో ఏమో.

గోదారిగట్టు
బావగారు పోస్టు ఇంట్లో చదివి వినిపించా, మా ఆవిడ ఇంకా నవ్వుతోంది. అమ్మకి మాత్రం చదవలేదు.
ఒక మాట అడుగుతా. ఆ దీవులు సహజంగా ఉన్నవేనా? మ్యాప్‌లో చూస్తే మరీ స్కేలు పెట్టి గీసినట్టున్నాయి. నాన్న అడుగుతున్నారు.

ఉప్పుగాలి
మీ నాన్నగారి కన్ను మంచిది. నేను మయామీలో పదకొండేళ్లుగా ఉంటున్నా, సివిల్ ఇంజినీర్‌ని, ఈ థ్రెడ్ ఇన్నాళ్లకి నా లైన్లోకి వచ్చింది. కొంచెం పొడుగ్గా రాస్తా, ఓపికున్నవాళ్లు చదవండి.

స్టార్, పామ్, హైబిస్కస్, వెనీషియన్ దీవులు, దాదాపు అన్నీ మనిషి చేసినవే. మన కోనసీమలో లంకలు ఎలా పుడతాయి? గోదారి ఇసుక మేట వేస్తుంది, వరదకి కొంత కోస్తుంది, పక్కన మళ్లీ వేస్తుంది. ఇక్కడ ఆ పని డ్రెడ్జర్లు చేశాయి. బే అడుగున ఉన్న ఇసుకా మట్టీ తోడి, చుట్టూ గోడ కట్టి లోపల పోశారు. స్టార్ ఐలాండ్ 1922 నాటిది. దీని వెనకాల ఉన్న మనిషి కార్ల్ ఫిషర్, కారు హెడ్‌లైట్ల వ్యాపారంలో సంపాదించి, ఇండియానాపోలిస్ రేస్ ట్రాక్ కట్టినవాళ్లలో ఒకడై, తర్వాత మడ అడవి కొట్టించి మయామీ బీచ్ ఊరు తయారుచేశాడు. అంతకుముందు అటు వెళ్లడానికి పడవే. 1912లో కాలిన్స్ అనే తోటల రైతు కర్ర వంతెన కట్టడం మొదలుపెట్టి మధ్యలో డబ్బులైపోతే ఫిషర్ అప్పిచ్చి, బదులుగా స్థలం రాయించుకున్నాడు. మన ఊళ్లో షావుకార్లకి తెలిసిన పద్ధతే.

బోటు మీద నుంచి వెనీషియన్ దీవుల వైపు చూస్తే నీళ్లలో వరసగా కాంక్రీట్ దిమ్మలు నిలబడి ఉంటాయి, వాటి మీద ఏమీ ఉండదు, నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటూ ఉంటాయి. అది ఇంకో దీవి. ఇసోలా ది లొలాండో అని పేరు కూడా పెట్టారు. 1926 సెప్టెంబర్ తుఫాను మయామీని తుడిచిపెట్టేసరికి భూముల బూమ్ కూలిపోయింది, దీవి దిమ్మల దగ్గరే ఆగిపోయింది. దాదాపు వందేళ్లు. చాలామంది గైడ్లు దాన్ని చూపించరు, చూపించడానికి అక్కడ సెలబ్రిటీ లేడు కదా. నా మటుకు ఆ టూర్ మొత్తంలో చూడాల్సింది అదే.

టాంపా_తమ్ముడు
ఇదంతా మా గైడు చెప్పి ఉంటే నేను దండగ అనేవాణ్ని కాదు.

విశాఖ_తీరం
అమెరికా వాళ్లు సముద్రాన్ని పూడ్చి ఇల్లు కట్టుకుంటే టూరిజం, మనం కట్టుకుంటే సీఆర్‌జెడ్ (తీరం పక్క కట్టడాల రూల్స్) కేసు. కొచ్చిలో మరడు ఫ్లాట్లు నీళ్ల పక్కన కట్టారని సుప్రీంకోర్టు చెప్తే 2020 జనవరిలో బాంబులు పెట్టి నిమిషాల్లో నేలమట్టం చేశారు. మన కృష్ణా కరకట్ట మీద బంగళాల సంగతి ఎత్తితే ఇక ఈ థ్రెడ్ పూర్తవదు...

మోడరేటర్
ఎత్తొద్దు. కరకట్ట, రాజధాని, పార్టీలు అన్నిటికీ వేరే థ్రెడ్లున్నాయి. ఇక్కడ మయామీ వరకే.

విశాఖ_తీరం
సరే సరే. ఉప్పుగాలి గారూ, ఇప్పుడు అలా దీవి పోయనిస్తారా అక్కడ?

ఉప్పుగాలి
ఇవ్వరు. ఆ రోజులు పోయాయి. బే అడుగు భూమి ఫ్లోరిడా రాష్ట్రానిది, ఇప్పుడు అక్కడ ఒక చిన్న జెట్టీ వేయాలన్నా పర్మిట్లు కావాలి. నీళ్లు అందరివీ కాబట్టే టూర్ బోట్లు వాళ్ల పెరటి గోడ దాకా వెళ్లగలవు, ఎంత కోటీశ్వరుడైనా ఏమీ అనలేడు. ఇంకో విచిత్రం చెప్తా. స్టార్ ఐలాండ్‌కి వంతెన ఉంది, వంతెన మొదట్లో గేటు, గార్డు ఉంటారు. చాలామంది అక్కడే వెనక్కి తిరిగిపోతారు. కానీ లోపలి రోడ్డు పబ్లిక్ రోడ్డే, నడిచి వెళ్తానంటే ఆపకూడదు. నేను సైకిల్ మీద వెళ్లా. ఏముంది, ఎత్తైన కంచెలు, గేట్లు, తోటమాలుల ట్రక్కులు. ఈ ఇళ్ల ముఖాలు నీళ్లవైపు ఉంటాయి, రోడ్డు మీద నుంచి కనపడేది వీపే. అందుకే బోటు.

డల్లాస్_అక్క
నాకు ఒకటే అనిపించింది, ఆ ఇళ్లల్లో మనుషులే కనపళ్లేదు. గంటన్నరలో ఒక్క బాల్కనీలో కూడా ఎవరూ లేరు. లాన్ కోసేవాళ్లు, పడవ కడిగేవాళ్లు, ఈత కొలను శుభ్రం చేసేవాళ్లు, అంతే. మా అత్తగారు "ఇంత ఇల్లు కట్టుకుని వీళ్లంతా ఎక్కడికి పోయారే" అని పదిసార్లు అడిగింది.

పాలమూరు_పోరడు
పదిమంది బోటు మీద నుంచి ఫోన్లు పట్టుకుని చూస్తుంటే బాల్కనీల ఎవడు కూసుంటడు అక్కా.

న్యూజెర్సీ_నాని
నాకైతే ఈ కాన్సెప్టే నచ్చదు. డబ్బు కట్టి ఒకడి ఇంటి గోడ చూసి 'అబ్బా' అనడం. అంతగా బంగళా చూడాలనుంటే విజ్‌కాయాకి వెళ్లండి, మయామీలోనే, అదే బిస్కేన్ బే ఒడ్డున. వ్యవసాయ యంత్రాల కంపెనీ జేమ్స్ డీరింగ్ చలికాలం గడపడానికి కట్టుకున్న ఇల్లు, 1916 క్రిస్మస్‌కి గృహప్రవేశం. పెళ్లి కూడా చేసుకోలేదు, ఒక్కడికి అంత ఇల్లు. అప్పట్లో మయామీ జనాభా పదివేలైతే అందులో వెయ్యిమంది ఈ ఇంటి పనిలోనే ఉన్నారంటారు. ఇప్పుడది మ్యూజియం, గదిగదీ తిరగొచ్చు, వెనక నీళ్లలో రాతితో కట్టిన ఒక ఉత్తుత్తి ఓడ ఉంటుంది, అలలు ఇంటిని కొట్టకుండా అడ్డు. మీ నాన్నగారికి నచ్చుతుంది. మంగళవారం సెలవు, చూసుకుని వెళ్లండి.

ఉప్పుగాలి
విజ్‌కాయా మాటకి నా ఓటు కూడా. కానీ రెండూ వేర్వేరు. అక్కడ ఒక ఇల్లు తెలుస్తుంది, బోటు మీద ఊరు తెలుస్తుంది. పోర్టు పక్క నుంచి వెళ్తారు కాబట్టి క్రూయిజ్ షిప్పులు తల ఎత్తి చూడాల్సినంత దగ్గరగా ఉంటాయి. శని, ఆదివారాలైతే నాలుగైదు గంటలప్పుడు ఒకదాని వెనక ఒకటి బయల్దేరతాయి. పిల్లలున్నారు కదా, మూడు తర్వాత బోటు పట్టుకోండి, ఎండ పడమటి నుంచి ఇళ్ల మీద పడుతుంది, తిరిగొచ్చేటప్పుడు డౌన్‌టౌన్ వెనకాల సూర్యాస్తమయం.

ఫిషర్ ఐలాండ్ గురించి కూడా ఒక మాట, గైడు చెప్పడు కాబట్టి. దానికి వంతెన లేదు, పడవలోనే వెళ్లాలి, దేశంలోకెల్లా ధనవంతుల పిన్‌కోడ్‌లలో ఒకటి. అదేమో 1905లో ఓడల కోసం 'గవర్నమెంట్ కట్' అనే కాలువ తవ్వినప్పుడు మయామీ బీచ్ నుంచి తెగిపోయిన ముక్క. ఫిషర్ కంటే ముందు దాని ఓనరు డి.ఎ. డోర్సీ, బానిసలుగా బతికినవాళ్ల కొడుకు, వడ్రంగిగా మొదలై మయామీలో మొదటి నల్లజాతి మిలియనీర్ అయినాయన. నల్లవాళ్లను బీచుల్లోకి రానివ్వని కాలం అది, వాళ్ల కోసం అక్కడో రిసార్టు కడదామనుకున్నాడు. కుదరలేదు, 1919లో ఫిషర్‌కి అమ్మేశాడు. 1925లో రైల్వేల కోటీశ్వరులైన వాండర్‌బిల్ట్ వంశంవాడు తన ఓడ ఇచ్చి బదులుగా ఏడెకరాలు తీసుకున్నాడు. నల్లవాళ్లకంటూ మయామీలో ఒక బీచి దొరికింది 1945లో, వర్జీనియా కీ మీద. మీరు ఫిషర్ ఐలాండ్ పక్క నుంచి వెళ్తుంటే దక్షిణంగా కనపడే పచ్చటి దీవి అదే.

గోదారిగట్టు
నాన్నకి ఫోన్ ఇచ్చేశా, మీ పోస్టులన్నీ ఆయనే చదువుతున్నారు. ఆయన ప్రశ్నలు: గోడలు దేంతో కట్టారు, పోటు ఎంత వస్తుంది, డ్రెడ్జింగ్ ఎన్నాళ్లకోసారి?

ఉప్పుగాలి
నమస్కారం సార్. పోటు మామూలుగా రెండడుగులకి అటూఇటూ. సెప్టెంబర్ నుంచి నవంబర్ మధ్య పున్నమికీ అమావాస్యకీ పెద్ద పోట్లు వస్తాయి, కింగ్ టైడ్ అంటారు, ఆకాశంలో మబ్బు లేకున్నా మయామీ బీచ్ రోడ్ల మీద నీళ్లుంటాయి. మీరు గోడ ఎత్తు పెంచితే సరిపోతుంది కదా అంటారు. సరిపోదు, ఎందుకంటే కింద ఉన్నది స్పంజి లాంటి సున్నపురాయి, నీళ్లు గోడ కింద నుంచి, డ్రైనేజీ గొట్టాల్లో నుంచి పైకి వస్తాయి. అందుకే పంపులు పెట్టారు, కొన్ని చోట్ల రోడ్లే ఎత్తు పెంచారు. పామ్, హైబిస్కస్ దీవుల్లో కూడా. పాతిళ్లు రోడ్డు కంటే పల్లంలో ఉండిపోయాయి, కొత్తగా కట్టేవాళ్లు మెరక పోసి కడుతున్నారు, బోటు మీద నుంచి ఆ తేడా తెలుస్తుంది, చూడండి. గోడలు కాంక్రీటు, షీట్ పైల్స్ (వరసగా నేలలోకి దిగేసిన రేకులు), అడుగున బండరాళ్లు. ఓడల కాలువని 2015కల్లా యాభై అడుగులకి పైగా లోతు చేశారు, పనామా కాలువ వెడల్పు చేస్తే పెద్ద ఓడలు వస్తాయని. బే అడుగు నుంచి 2014లో పోర్టుకి సొరంగం రోడ్డు వేశారు.

మంగళగిరి_మామ
టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో కొనండి. మేం గట్టు మీద తిరుగుతుంటే ఒకాయన కాగితాలు పట్టుకుని వెంటపడ్డాడు, డిస్కౌంట్ అని చెప్పి అమ్మాడు, ఎక్కబోతే ఇంకేదో ఫీజు అని మనిషికి నాలుగు డాలర్లు మళ్లీ. కంపెనీ పేరు రాయను, పోయిన డబ్బు పోయింది. బయటి తిండి బోటులోకి రానివ్వలేదు, మా ఆవిడ చేసిన పులిహోర గట్టు మీదే నిలబడి తినేశాం. కారు కంటే మెట్రోమూవర్ అనే చిన్న రైలు మంచిది, డౌన్‌టౌన్‌లో ఫ్రీ, కాలేజ్/బేసైడ్ స్టేషన్లో దిగితే నాలుగడుగులు. ఎడమవైపు కూర్చోండి.

పాలమూరు_పోరడు
కుడివైపు మామా. మాకు ఇళ్లన్నీ కుడివైపే వచ్చినయ్.

మంగళగిరి_మామ
మాకు ఎడమవైపే. మీరు వెనక్కి తిరిగి కూర్చున్నారేమో.

డల్లాస్_అక్క
ఏ బోటు ఏ దీవిని ఎటునుంచి చుడుతుందో దాన్ని బట్టి. ఎక్కేటప్పుడు సిబ్బందిని అడగండి, చెప్తారు. పెద్దవాళ్లని కింది డెక్‌లో కిటికీ పక్కన కూర్చోబెట్టి, మీరు పిల్లలతో పైకి వెళ్లండి.

గోదారిగట్టు
వెళ్లొచ్చాం. ఆలస్యంగా రాస్తున్నా, వచ్చాక ఇంట్లో అందరికీ జలుబు.

ముందు అమ్మ. సర్టిఫికెట్ ఎక్కడుందో చూపించా, జాకెట్లు చూపించమన్నా, డెక్ మీద కుర్రాడు ఒకటి తీసి అమ్మ చేతికే ఇచ్చాడు. ఆవిడ వేసుకోలేదు గానీ గంటన్నరా ఒళ్లో పెట్టుకునే కూర్చుంది, పసిపిల్లని పట్టుకున్నట్టు. ఇళ్ల దగ్గరికి రాగానే బోటు బాగా నెమ్మదైంది, మనాటీలకి (నీళ్లలో బతికే పెద్ద జంతువులు) దెబ్బ తగలకుండా అక్కడ స్పీడు పెంచకూడదట. ఆ నెమ్మదికి అమ్మకి ధైర్యమొచ్చి కిటికీలోంచి తల బయటపెట్టి చూడ్డం మొదలుపెట్టింది. మనాటీ కనపళ్లేదు, మావాడు ఇంకా ఏడుస్తున్నాడు.

గైడు సరిగ్గా మీరు చెప్పినట్టే. షాక్ ఇల్లు, కపోన్ ఇల్లు, ఆ మందు ఇల్లు కూడా. బావగారూ, మా అమ్మ అడగలేదు, బతికిపోయా.

నాన్న ఒక్క ఇల్లూ చూడలేదు. గోడలే చూశారు. నీటి మట్టం పైన గోడకి ఎంత ఎత్తున నత్తగుల్లలు అంటుకున్నాయో చూసి పోటు లెక్క కట్టారు, ఒకచోట గోడ వెనక మట్టి కుంగిందని నాకు చూపించారు, నాకు కనపళ్లేదు. ఉప్పుగాలి గారూ, మీరు చెప్పిన దిమ్మలు దూరంగా కనపడ్డాయి. గైడు అప్పుడు టిప్పుల డబ్బా తిప్పుతున్నాడు. దిగేటప్పుడు నాన్న కెప్టెన్‌ని పట్టుకుని డ్రెడ్జింగ్ గురించి అడిగారు, ఆయన క్యూబా నుంచి వచ్చినాయన, ఆయన ఇంగ్లిష్ కొంత, మా నాన్న ఇంగ్లిష్ కొంత, ఇద్దరూ చేతులతో ఇసుక తోడుతూ పది నిమిషాలు మాట్లాడుకున్నారు. తర్వాత ఇద్దరూ సెల్ఫీ.

టాంపా_తమ్ముడు
దిమ్మల ఫోటో ఉంటే పెట్టన్నా. నెక్స్ట్ టైమ్ చూస్తా.

గోదారిగట్టు
ఉంది, అందులో నాన్న వేలు కూడా ఉంది. సాయంత్రం పెడతా.

మంగళగిరి_మామ
మెట్రోమూవర్‌లోనే వెళ్లారా?

గోదారిగట్టు
లేదు మామగారూ, పిల్లలు నడవనంటే కారు. పక్కన ఒక గరాజ్‌లో పెట్టా. ఎంతయిందో అమ్మకి ఇప్పటికీ చెప్పలేదు.